బావగారు పోయిన వారం

పిన్ని అంటే ఎవరికి పిన్ని అని అడగకండి. ఆ ఆసుపత్రిలో అందరికీ పిన్నే. పదకొండేళ్ళ కిందట, కింది అంతస్తులో కిటికీ లేని బట్టల గదిలో ఆవిడ కుట్టు మిషను ముందు కూర్చున్న కొత్తలో, అక్క కూతురు పై అంతస్తులో నర్సుగా ఉండేది. రోజుకు నాలుగుసార్లు మెట్ల మీంచి "పిన్నీ" అని పిలిచేది. ఆ పిల్ల పెళ్ళి చేసుకుని, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. పిలుపు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అరవై దాటిన పెద్ద డాక్టరు కూడా గౌను తాడు ఊడితే "పిన్నిగారూ, ఇది కాస్త చూడండి" అంటాడు. నలభై ఆరేళ్ళ ఆవిడకు అది మర్యాదో వేళాకోళమో ఇప్పటికీ తేలలేదు.

ఆవిడ పని చిరిగిన దుప్పట్లకు మాసికలు వేయడం, దిండు గలేబుల అంచులు మడిచి కుట్టడం, ఆపరేషన్ గౌన్లకు తాళ్ళు పెట్టడం. పొద్దున ఎనిమిదికి మిషను ముందు తల వంచితే సాయంత్రం అయిదుకు ఎత్తుతుంది. నెమ్మది మనిషి. గట్టిగా తుమ్మినా "క్షమించండి" అనే రకం. అలాంటి మనిషికి ఒక పిచ్చి ఉందంటే నమ్ముతారా? ఉంది. దాని పేరు "తుప్పు".

తుప్పు ఒక రాక్ బ్యాండు. నలుగురు మగాళ్ళు, మూడు గిటార్లు, ఒక డ్రమ్ము సెట్టు. పిన్నికి పందొమ్మిదేళ్ళప్పుడు ఎవరో స్నేహితురాలు ఒక క్యాసెట్టు ఇచ్చి మళ్ళీ అడగడం మర్చిపోయింది. ఆ క్యాసెట్టు అరిగిపోయింది, టేపు రికార్డరు మూలపడింది, పిన్ని కంటికి కళ్ళజోడు వచ్చింది. తుప్పు మాత్రం వదల్లేదు. ఆ పాటగాడి బొంగురు గొంతు వింటుంటే తను కూడా ఒకరోజు ఎవరి మీదైనా గట్టిగా అరవగలనేమో అనిపించేది ఆవిడకు. ఎన్నడూ అరవలేదనుకోండి, అది వేరే సంగతి. పనిచేస్తూ ఒక చెవిలో తుప్పు పెట్టుకునేది. మిషను చప్పుడులో ఎవరికీ తెలిసేది కాదు. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పనూ లేదు.

ఆ తుప్పు వాళ్ళు చివరిసారిగా ఊరూరా తిరుగుతున్నారని తెలిసిన రోజు పిన్నికి అన్నం సయించలేదు. ఈ ఊరు రావడం లేదు. దగ్గరలో దగ్గర ఆరుగంటల రైలు ప్రయాణం. పిన్ని ఉండేది అక్క ఇంట్లోనే. అక్క నవ్వి పోనిమ్మంది గానీ బావగారు ఊరుకోలేదు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, చెడిపోయినదాన్ని చూస్తే ఊరుకోలేరు. ఫోను పట్టుకుని రెండు గంటలు కూర్చుని, మూడుసార్లు లైను తెగినా పట్టు వదలకుండా మరదలికి టికెట్టు సంపాదించి పెట్టారు. "వెళ్ళి విని రా. ఎప్పుడైనా నీకంటూ ఒక్క పని చేసుకున్నావా?" అన్నారు. పిన్ని ఆ టికెట్టు కాగితం నాలుగు నెలలు చేతిసంచీలో మడిచి పెట్టుకు తిరిగింది.

సెలవు కూడా మంజూరైంది. అంతా బాగుంది అనుకుంటున్న వేళ, వారం ముందు గోడ మీద నోటీసు పడింది. పెద్ద తనిఖీ వస్తోంది, సెలవులన్నీ రద్దు. బట్టల గది సూపర్‌వైజరమ్మ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది: "ఎవరైనా పోతే తప్ప నా దగ్గరికి సెలవని రాకండి." ఆవిడ చెడ్డదేం కాదు. తనిఖీ అంటే హడలు, అంతే.

పిన్ని రెండు రోజులు ఆలోచించింది. నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు. ఈ వయసులో పాటల కోసం అంత దూరం వెళ్తానంటే గది గదంతా నవ్వుతుంది. చివరికి ఒక చిన్న అబద్ధం అల్లుకుంది. బుధవారం పొద్దున బావగారు ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందంటే బస్సెక్కి వెళ్ళారు. అది నిజం. అక్కకు నడుం నొప్పి. అదీ కాస్త నిజమే. బావగారు ఊళ్ళో లేరు, అక్క మంచం మీద ఉంది, దగ్గర ఉండాలి, సెలవు కావాలి. ఇదంతా అద్దం ముందు అయిదుసార్లు వల్లెవేసింది. గురువారం పొద్దున సూపర్‌వైజరమ్మ బల్ల ముందు నిలబడేసరికి ఒళ్ళంతా చెమట, నోరు పిడచకట్టుకుపోయింది.

"ఏమిటి పిన్నీ?"

"మా బావగారు పోయారండీ."

ముందు "ఊరికి" అనాలి. ఆ ఒక్క ముక్కా గొంతులోనే ఉండిపోయింది. సూపర్‌వైజరమ్మ చేతిలో కలం కింద పెట్టేసింది.

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున."

"ఎలా పోయారు పిన్నీ?"

"బస్సులో."

"బస్సులోనా? పక్కన ఎవరూ లేరా?"

"లేరండీ. ఒక్కరే." ఇన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తోందో అర్థంకాక పిన్నికి ఇంకా కంగారెక్కింది. "అనుకోకుండా అయిందండీ. రాత్రి పిలుపొచ్చింది. తెల్లారేసరికి పోయారు."

"పిలుపొస్తే ఎవరం ఆగుతాం చెప్పు. మరి మీ అక్క?"

"మంచం మీంచి లేవలేకపోతోందండీ."

"ఎలా లేస్తుంది పాపం." సూపర్‌వైజరమ్మ కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. "కార్యక్రమం శనివారమేనా?"

కార్యక్రమం అనగానే పిన్ని టికెట్టు సంగతి ఈవిడకెలా తెలిసిందా అని నోరు తెరుచుకుని చూసింది. అప్పుడు సూపర్‌వైజరమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "మంచివాళ్ళే తొందరగా పోతారు" అంది.

అప్పటికి గాని పిన్నికి తలకెక్కలేదు. తనేమందో, ఆవిడ ఏం విందో, బస్సుతో సహా అంతా ఒక్కసారిగా అర్థమైంది. అయ్యో, ఊరికండీ, ఊరికి పోయారు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇంతలో సూపర్‌వైజరమ్మ వెనక్కి వెళ్ళి సెలవు కాగితం తీసింది. మూడు రోజులు అని రాస్తోంది. పిన్ని ఆ కలం వైపు చూసింది, చేతిసంచీ వైపు చూసింది, నోరు మూసుకుంది.

తప్పంతా అక్కడ ఉంది. నోరు జారడం తప్పు కాదు, ఎవరికైనా జారుతుంది. నోరు మూసుకోవడం తప్పు. సిగ్గుతో ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. సూపర్‌వైజరమ్మ తన చేతిరుమాలు తీసి ఇచ్చింది.

"నీ పని ఎవరు చూస్తారో నేను చూసుకుంటాను. నువ్వు వెళ్ళు" అంది. ఎవరు చూస్తారు అని పిన్ని అడగలేదు. అడిగితే తెలుస్తుందని అడగలేదు. ఆ రోజు ఆవిడ బట్టల గదిలోకి కూడా వెళ్ళకుండా వెనక మెట్ల దారిన దొంగలా బయటపడింది.

అక్కకేమీ చెప్పలేదు. నిక్షేపంలాంటి మనిషిని ఆసుపత్రి కాగితం మీద చంపేసి వచ్చానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

శనివారం తెల్లవారుతూనే రైలెక్కింది. ఇన్నేళ్ళలో ఒంటరిగా ప్రయాణం చేయడం అదే మొదలు. ఎదురుగా కూర్చున్న ముసలాయన "ఎక్కడికమ్మా?" అంటే "చుట్టాలింటికి" అంది. చూశారా, ఒకటి మొదలైతే ఇంక ఆగదు. దిగాక స్టేషను బాత్రూములో సంచీలోంచి నల్ల చొక్కా తీసి వేసుకుంది. దాని మీద ఎర్రటి అక్షరాలతో "తుప్పు" అని ఉంది. కొని మూడు నెలలైనా ఇంట్లో తొడుక్కోవడానికి ధైర్యం చాల్లేదు. అద్దంలో చూసుకుని గబగబా పైన శాలువా కప్పుకుంది.

మైదానం ముందు బారులు తీరిన జనాన్ని చూస్తే శాలువా అక్కర్లేదని తెలిసింది. అందరూ తన ఈడువాళ్ళే. బట్టతలలు, మోకాళ్ళకు పట్టీలు, చంకలో మందుల సంచులు, ఒంటి మీద నల్ల చొక్కాలు. గేటు దగ్గర చేతికి ఒక కాగితం పట్టీ కట్టారు. ఆసుపత్రిలో చేరినవాళ్ళకు కట్టేదాని లాంటిదే. దాన్ని చూసినప్పుడల్లా బట్టల గది గుర్తొచ్చి పిన్ని చొక్కా చేతిని కిందికి లాక్కుంది. పక్కన నిలబడ్డ బస్సు డ్రైవరు ఒకాయన తను ఇది తొమ్మిదోసారి రావడమని చెప్పి, "మీరూ?" అన్నాడు. "మొదటిసారి" అంది. రెండు రోజుల్లో ఆవిడ చెప్పిన మొదటి నిజం అది.

సాయంత్రం అయిదున్నరకు, ఇంకా ఎండ ఉండగానే, నలుగురూ వేదిక మీదికి వచ్చారు. జుట్టు తెల్లబడింది, డ్రమ్ములాయన ముందు కుర్చీ సరిచూసుకుని మెల్లిగా కూర్చున్నాడు. ఒక్క దెబ్బ వేశాడో లేదో పిన్ని పాదాల కింద నేల అదిరింది. సరిగ్గా అప్పుడే సంచీలో ఫోను మోగింది.

"ఇస్త్రీ" అని ఉంది. ఇస్త్రీ ఆవిడ అంటే బట్టల గదిలో ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే మనిషి. పిన్నికంటే ఎనిమిదేళ్ళు చిన్న. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తిన్నారు. భర్త లేడు. పదేళ్ళ కూతురు దూరంగా హాస్టల్లో చదువుకుంటోంది. లోకంలో పిన్నికి స్నేహితురాలని చెప్పుకోదగ్గ మనిషి ఆవిడొక్కతే. ఎత్తకపోతే ఏం గొడవో అని పిన్ని ఎత్తింది.

"పిన్నీ, ఏమైనా తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావో నాకు తెలీదా. నీ గొంతు వినాలనిపించి చేశాను. ఏమిటా చప్పుడు? బ్యాండు పెట్టారా?"

పిన్ని వేదిక వైపు చూసింది. మొదటిసారి నోరు మూసుకుని నెట్టుకొచ్చింది. ఇప్పుడు నోరు తెరవాల్సిందే.

"పెట్టారు" అంది.

"మంచిపని చేశారు. బాగా బతికిన మనిషిని బాగా సాగనంపాలి. జనం వచ్చారా?"

ఇరవై వేలమంది ఒక్కసారి చేతులెత్తారు. "వచ్చారు" అంది పిన్ని.

"పని గురించి బెంగ పెట్టుకోకు. నీ మిషను మీద నేనే కూర్చున్నా. నా కుట్టు చూసి నువ్వు తర్వాత తిట్టుకుందువుగాని."

"నువ్వా? ఇవాళ నీకు..." అని పిన్ని ఆగిపోయింది. రెండో శనివారం. హాస్టలు పిల్లల్ని చూసే రోజు, పదకొండు నుంచి మూడు దాకా. నోటీసు పడినా, పిల్ల కోసమని సూపర్‌వైజరమ్మ రద్దు చేయకుండా ఉంచిన సెలవు అది. పదకొండేళ్ళు పక్కన కూర్చున్న మనిషికి గుర్తుండాల్సిన విషయం. నాలుగు నెలలుగా ఈ శనివారమంటే పిన్నికి ఒకే ఒక్క అర్థం.

"వెళ్ళలేదులే. ఇద్దరిలో ఒకరికే సెలవన్నారు. నేనే వద్దనుకున్నా. పాపను వచ్చే నెల చూస్తాను, చావు వచ్చే నెలదాకా ఆగుతుందా?"

"పాప ఏమంది?"

"ఏమంటుంది. నేను రానని వార్డెనుకు చెప్పాను. ఆవిడ దానికి చెప్పడం మర్చిపోయిందట. మూడింటిదాకా గేటు దగ్గర నిలబడింది. సరే, నీకవన్నీ ఎందుకు ఇప్పుడు, అక్క దగ్గర ఉండు" అని ఫోను పెట్టేసింది.

తర్వాత వాయించిన రెండు పాటలు పిన్ని చెవిన పడలేదు. గేటు, దాని పక్కన తెల్ల రిబ్బన్లు కట్టుకున్న పిల్ల, ఆ పిల్లను దాటుకుంటూ లోపలికి వెళ్ళే ఇతర తల్లులు, ఇదే కళ్ళ ముందు. తల కొట్టేసినట్టయింది. ఒంటి మీది చొక్కా తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంది. బుద్ధున్న మనిషైతే అక్కణ్ణుంచి లేచి వచ్చేసేది. వచ్చేసి మాత్రం చేసేదేముంది, ఆ పిల్ల నిలబడ్డ నాలుగు గంటలు తిరిగి వస్తాయా అని మీరనవచ్చు. నిజమే గాని, లేచి రావాలి. పిన్ని రాలేదు.

నాలుగో పాటగా వాళ్ళు ఆ పాట ఎత్తుకున్నారు. క్యాసెట్టులో రెండో వైపు మొదటి పాట. ఇరవై ఏడేళ్ళుగా పిన్ని ఎవరూ వినకుండా పెదవులు కదిపిన పాట. బొంగురు గొంతు ఆయన సగం పాడి ఆపి, మిగతాది మీరు పాడండి అన్నట్టు మైకు జనం వైపు తిప్పాడు. పిన్ని పాడింది. గొంతు చించుకుని పాడింది. శాలువా ఎప్పుడు జారిపోయిందో తెలియదు. ఆ మూడు నిమిషాలూ ఆవిడకు గేటు గుర్తులేదు, పిల్ల గుర్తులేదు, బావగారు గుర్తులేరు. పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషంగా ఎన్నడూ లేదు. పాట అయిపోయి చప్పట్లు మొదలయ్యాక అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అబద్ధమాడినందుకు కలిగిన సిగ్గు ఒక ఎత్తు, ఈ సంతోషానికి కలిగిన సిగ్గు ఒక ఎత్తు. పిన్ని అక్కడే నేల మీద చతికిలబడింది. బస్సు డ్రైవరు కంగారుపడి నీళ్ళ సీసా ఇచ్చాడు.

ఆదివారం ఇంటికి చేరేసరికి బావగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. లిఫ్టు బాగైందట. "ఎలా పాడారు వాళ్ళు? టికెట్టుకు న్యాయం జరిగిందా?" అన్నారు ముఖమంతా నవ్వుతో. "జరిగింది బావగారూ" అని పిన్ని తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. రోజంతా ఆయన ఎదుటపడలేదు. ఆయన దగ్గినా ఉలిక్కిపడింది.

రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. సూపర్‌వైజరమ్మకు ఎలాగూ చెప్పాలి. ఆవిడ మెమో ఇస్తుంది, కోప్పడుతుంది, అది పడవచ్చు. ముందు చెప్పవలసింది ఇస్త్రీ ఆవిడకు. అక్కడే కాళ్ళూచేతులూ ఆడటం లేదు. ఆ ఒక్క మనిషి దూరమైతే పిన్నికి ఆ ఆసుపత్రిలో మిగిలేది మిషను ఒక్కటే.

సోమవారం గదిలో అడుగుపెట్టగానే అందరూ గొంతు తగ్గించారు. ఎవరో కుర్చీ తుడిచారు. మిషను పక్కన గలేబుల దొంతర ఉంది. అంచులు వంకరటింకరగా, దారం ముడులు పడి, ఒక్కోచోట రెండుసార్లు విప్పి కుట్టిన గుర్తులతో. మొత్తం అరవై.

"నవ్వకు" అంది ఇస్త్రీ ఆవిడ. "తనిఖీవాళ్ళు గలేబుల వైపు చూడనే లేదు, బతికిపోయాను."

పిన్ని నవ్వలేదు. మధ్యాహ్నం భోజనాలకు అందరూ వెళ్ళేదాకా ఆగింది. ఇస్త్రీ ఆవిడ డబ్బా మూత తీస్తుంటే, "నీతో ఒక మాట చెప్పాలి. మా బావగారు బతికే ఉన్నారు" అంది.

ఇస్త్రీ ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉంటారు పిన్నీ. మా ఆయన పోయినప్పుడు నాకూ ఏడాదిదాకా అలాగే అనిపించేది."

"కాదే. ఇవాళ పొద్దున ఆయనే టీ పెట్టి ఇచ్చారు నాకు."

పట్టుకున్న చెయ్యి మెల్లిగా సడలింది. పిన్ని ఆగితే మళ్ళీ చెప్పలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఊరికి పోయారనబోయిన సంగతి, కలం సంగతి, రైలు, నల్ల చొక్కా, అన్నీ. ఇస్త్రీ ఆవిడ చివరిదాకా వింది.

"ఆ బ్యాండు?" అంది చివర్లో.

"అది వేరే బ్యాండు. పాటల వాళ్ళది."

అప్పుడు ఇస్త్రీ ఆవిడ ఫోను మోగింది. రోజూ ఆ వేళకు హాస్టల్లో పిల్లలకు పది నిమిషాలు ఫోను ఇస్తారు. ఇస్త్రీ ఆవిడ ఎత్తి "ఆ, తిన్నాను. నువ్వు?" అంది మామూలు గొంతుతో. కాసేపు విని, ఫోను పిన్ని చేతికిచ్చింది.

"పిన్నీ," అంది పిల్ల, "మీ బావగారు చనిపోయారని అమ్మ చెప్పింది. నువ్వు బాధపడకు. అమ్మ రాలేదని నేను కొంచెంసేపే ఏడ్చాను. నీకే కదా ఎక్కువ కష్టం."

పిన్ని గోడకు చేరగిలబడింది. భూమి చీలితే దిగిపోదామనుకుంది. ఎదురుగా ఇస్త్రీ ఆవిడ చూస్తోంది.

"మా బావగారికి ఏమీ కాలేదమ్మా. నేను అబద్ధం చెప్పాను."

"అయితే ఎవరూ చనిపోలేదా?"

"లేదమ్మా."

"హమ్మయ్య" అంది పిల్ల. నిజంగా ఊపిరి పీల్చుకుంది, పిన్నికి వినపడింది. "మరి నువ్వెక్కడికి వెళ్ళావు?"

"పాటలు వినడానికి."

పిల్ల కోపం తెచ్చుకుంటే బాగుండునని పిన్ని కోరుకుంది. ఎందుకలా చేశావు అని అడిగితే చెప్పడానికి క్షమాపణ సిద్ధంగా ఉంది.

"పాటలు బాగున్నాయా?" అని అడిగింది పిల్ల.

బాగాలేవు అనవచ్చు. ఏదీ సరిగా వినలేదు, నీ గురించే ఆలోచించాను అనవచ్చు. తల్లి వింటోంది, ఆ మాట ఆవిడకు కాస్త ఊరట కూడా. కానీ అది ఇంకో అబద్ధం అవుతుంది, అదీ పదేళ్ళ పిల్లతో.

"చాలా బాగున్నాయమ్మా" అంది పిన్ని.

ఇస్త్రీ ఆవిడ ఫోను తీసుకుంది. కూతురితో లెక్కల పరీక్ష గురించి, జలుబు గురించి మాట్లాడి పెట్టేసింది. డబ్బాలో అన్నం తనకు సగం తీసుకుని మిగతా సగం మూత పెట్టి పిన్ని వైపు జరిపింది, రోజూ లాగే. తిన్నాక చేతులు కడుక్కుని వచ్చి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది. ఆవిరి బుస్సుమంది.

"ఆ గలేబులు ఇటు ఇవ్వండి" అంది.

పదకొండేళ్ళలో ఆవిడ పిన్నిని "అండి" అనడం అదే మొదటిసారి. పిన్ని లేచి, వంకర కుట్ల గలేబులు అరవయ్యీ రెండు చేతుల్లో తీసుకువెళ్ళి బల్ల మీద పెట్టింది.

"తీసుకోండి" అంది.